పిచ్చుక చేతిమాటలు

పిచ్చుక గౌన్లు ఒక్కొక్కటే సంచీలోకి వెళ్తున్నాయి. వెళ్ళినవి వెళ్ళినట్టే బయటికొస్తున్నాయి.

అత్తగారు మడతపెట్టి లోపల పెడుతోంది. కోడలు తీసి మంచం మీద పెడుతోంది. ఇద్దరి మధ్యా ఒక్క మాట లేదు. కోడలికి మాట్లాడే వీల్లేదు. అత్తగారికి ఆమెతో మాట్లాడాలని లేదు.

ఈ పోట్లాటకి కారణమైన ఏడాది నిండని పిల్ల మాత్రం మంచం పక్కన కూర్చుని, కిందపడ్డ మేజోడొకటి శ్రద్ధగా చప్పరిస్తోంది. అసలు పేరు వేరే ఉంది గానీ, పుట్టినప్పుడు గుప్పెడంతే ఉండటంతో ఇంట్లో అందరికీ పిచ్చుకైపోయింది.

"ఒరేయ్, నీ పెళ్ళానికి చెప్పరా" అంది చివరికి అత్తగారు, గుమ్మంలో నిలబడ్డ కొడుకుతో. "పిల్లనేం ఎత్తుకుపోవట్లేదు. నా కూతురింటికి తీసుకెళ్తున్నాను. ఈవిడ గొంతు బాగయ్యేదాకా. అంతే."

కొడుకు లిఫ్టు మెకానిక్. భుజాన పనిముట్ల సంచీ, చేతిలో సగం తాగిన టీ.

"పొద్దున్నే ఏంటమ్మా ఇది?"

"పొద్దున్నే కాకపోతే ఎప్పుడు? నువ్వు ఇంట్లో ఉండేదెప్పుడు గనక? ఏ బిల్డింగులో ఎవరు ఇరుక్కుపోయారో అని పరిగెడతావు. ఇక్కడ నీ కూతురు ఇరుక్కుపోతోంది. బయటికి లాగే నాథుడు లేడు."

"ఇరుక్కుపోవడమేంటి?"

"అమ్మ అనదు, అత్త అనదు, తాత అనదు. ఆ వయసుకి నువ్వు వీధి వీధంతా లేపేసేవాడివి. ఇదేమో చేతులూపుతుంది. పాలు కావాలంటే గుప్పిడి పిసుకుతుంది. ఇంకా కావాలంటే రెండు చేతుల వేళ్ళూ కలిపి కొడుతుంది. చాలంటే అరచేతులు తిప్పేస్తుంది. కూర్చున్నచోటికి అన్నీ వస్తుంటే ఇక నోరెందుకు తెరుస్తుంది?"

"నిన్న బబ్బబ్బా అంది కదమ్మా. నేను విన్నాను."

"నువ్వు విన్నావేమో. రోజంతా దాని వెనకే తిరిగేదాన్ని, నాకు వినపడనిది నీకెలా వినపడిందిరా?"

కోడలు గిరుక్కున తిరిగింది. ఆమె మెడ నరాలు బిగుసుకున్నాయి. పెదాలు విడివడ్డాయి.

"వద్దు! మాట్లాడకు!" టీ గ్లాసు అక్కడే వదిలేసి ఒక్క గెంతులో వచ్చాడు భర్త. గ్లాసు దొర్లింది. టీ అంతా నేలపాలైంది.

ఆమె నోరు మూసుకుంది. కళ్ళు మాత్రం మూసుకోలేదు. వాటినిండా నీళ్ళు.

* * *

ఆ గొంతు గురించి రైల్వే స్టేషన్లో ఎవర్ని అడిగినా చెప్తారు. బండి ఎంత ఆలస్యంగా వచ్చినా, మైకులో ఆమె చెప్తే జనం విసుక్కోకుండా వినేవారు. ప్రతి అక్షరం కడిగి ఆరబెట్టినట్టు వచ్చేది. చదువురాని వాళ్ళు కూడా ప్లాట్‌ఫారం తప్పకుండా వెళ్ళి నిలబడేవారు.

పిచ్చుక కడుపులోంచి బయటపడి కూర్చోవడం నేర్చిన రోజుల్లోనే ఆ గొంతు బొంగురుపోయింది. స్వరతంతువుల మీద కాయలు కట్టాయన్నాడు డాక్టరు. మాట తగ్గించమన్నాడు. తగ్గించినా తగ్గలేదు. చివరికి ఆపరేషన్ చేశాడు. "నేను చెప్పేదాకా గుసగుస కూడా వద్దు. గుసగుస ఇంకా ప్రమాదం. అరిచారో, ఆ గొంతు మళ్ళీ దొరకదు" అన్నాడు.

బొంగురు మొదలైన కొత్తల్లో ఆమెకి ఉద్యోగం గురించి అంత భయం వెయ్యలేదు. పిల్ల గురించే. ఒళ్ళో పిల్ల మొహంలోకి చూస్తూ ఉంటుంది, అది తల్లి మాట కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. ఇవ్వడానికేమీ లేదు.

అప్పుడు ఆమెకి గుర్తొచ్చింది పార్సిలక్క.

పార్సిల్ ఆఫీసులో మూటలకి చీటీలు అంటించే మనిషి. పుట్టు చెవిటి. ఊరందరూ మెచ్చుకున్న ఆమె గొంతుని స్టేషన్ మొత్తంలో ఎప్పుడూ వినని మనిషి ఆవిడొక్కతే. ఇద్దరు పిల్లల్ని చేతులతోనే పెంచింది. ఇద్దరికీ చెవులున్నాయి, ఇద్దరూ గడగడా మాట్లాడతారు.

సెలవు రోజుల్లో పార్సిలక్క ఇంటికొచ్చి కూర్చునేది. ఒక సైగ చూపించి, కోడలి వేళ్ళు పట్టుకుని సరిచేసేది. మొదటి రోజే పలక మీద రాసి చూపించింది: "చేతులొక్కటే కాదు. మొహం కూడా మాట్లాడాలి. నీ మొహం నిద్రపోతోంది."

పిల్ల చాలా వారాలు ఊరికే చూసింది. పాలిచ్చే ప్రతిసారీ తల్లి గుప్పిడి మూసి తెరిచేది. పిల్ల ఆ గుప్పిడిని చూసి నవ్వేది, పట్టుకుని కొరికేది. అంతే. ఇంకొకరైతే మానేసేవారు. ఆమె మానలేదు. అద్దం ముందు నిలబడి కనుబొమలు ఎత్తడం, దించడం సాధన చేసింది, ఒకప్పుడు మైకు ముందు బండ్ల పేర్లు సాధన చేసినట్టే.

ఒక మధ్యాహ్నం పిచ్చుక నిద్రలేచి, తల్లి వైపు తిరిగి, చిన్న గుప్పిడిని మూసి తెరిచింది. మళ్ళీ మూసి తెరిచింది. పాలు.

ఆమె వెక్కి వెక్కి ఏడవబోయి, వెక్కడం కూడా గొంతుకి మంచిది కాదని గుర్తొచ్చి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కన్నీళ్ళతోనే సరిపెట్టుకుంది.

ఆ తర్వాత ఆగలేదు. దీపం, నీళ్ళు, పిల్లి, నొప్పి, ఇంకా. పిచ్చుకకి అన్నిటికన్నా ఇష్టమైనది మాత్రం చూపుడువేలు చెవికి ఆనించడం. ఏదో వినిపించింది అని దానర్థం. తలుపు కిర్రుమన్నా వేలు చెవికి వెళ్ళేది. వేళ్ళు ఇంకా సరిగ్గా వంగేవి కావు. ఒక్కోసారి వేలు చెవికి బదులు బుగ్గకి గుచ్చుకునేది. "పసివాళ్ళ చేతులకీ నత్తి ఉంటుంది, కంగారుపడకు" అని పలక మీద రాసి నవ్వింది పార్సిలక్క.

అత్తగారు ఇదంతా చూస్తూనే ఉంది. మొదట్లో ముచ్చటపడింది. తర్వాత ముఖం చిట్లించింది. ఇవాళ సంచీ సర్దింది.

* * *

భర్త నేల తుడిచి లేచాడు. "అమ్మా, నీ భయమేంటో సూటిగా చెప్పు."

అత్తగారు మంచం మీద కూలబడింది. కోపం కాస్త దిగింది.

"దానికి చెవులు లేవేమోనని నా భయం" అంది. "అందుకే మాట రావట్లేదు. మీరిద్దరూ సైగల మురిపెంలో పడి గమనించట్లేదు. చెవులున్న పిల్లే అయితే నలుగురూ మాట్లాడే ఇంట్లో వేస్తే నాలుగు రోజుల్లో పలుకుతుంది. నీ పెళ్ళాం మాట్లాడట్లేదని హాయిగా ఉన్న మొగుడివి నువ్వొక్కడివే కనపడుతున్నావు నాకు."

అంత గొడవలోనూ భర్తకి నవ్వొచ్చింది. భార్య చూపు చూసి మింగేశాడు.

కోడలు గోడకి ఆనించిన పలక తీసుకుంది. గబగబా రాసి అత్తగారి ముందు పెట్టింది.

"ఇవాళే పరీక్ష చేయిద్దాం. చెవుల్లో లోపం ఉంటే మీరు చెప్పినట్టు చేస్తాను. లేకపోతే బట్టలు బీరువాలోకి వెళ్తాయి."

అత్తగారు అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది.

"సరే. మాట తప్పకూడదు" అంది. తర్వాత నాలుక కరుచుకుంది. ఎదురుగా ఉన్నది మాటే లేని మనిషి.

భర్తకి అప్పుడే ఫోనొచ్చింది. ఎక్కడో ఆసుపత్రి లిఫ్టు మధ్యలో ఆగిపోయింది. "మీరిద్దరూ వెళ్ళిరండి" అంటూ మెట్లు దిగిపోయాడు.

* * *

చెవి పరీక్షల క్లినిక్‌లో అద్దం కిటికీ వెనక ఒక అమ్మాయి కూర్చుని ఉంది. మెత్తటి గొంతు.

కోడలు తన గొంతు చూపించి, మాట్లాడకూడదని సైగ చేసింది. అత్తగారు ముందుకొచ్చింది. "దాన్ని అడక్కమ్మా, నన్నడుగు. నేను చెప్తాను."

"పాప వయసెంతండీ?"

"లిఫ్టు మెకానిక్."

అమ్మాయి కంప్యూటర్ మీంచి తలెత్తింది. "పాప వయసండీ."

"ఆఁ, సొంతిల్లు కాదు, అద్దెదే."

అమ్మాయి పెదవి బిగపట్టి నవ్వాపుకుంది. కోడలు వేళ్ళతో నెలలు చూపించింది. అత్తగారు ఏమీ జరగనట్టు సంచీ సర్దుకుని వెళ్ళి కుర్చీలో కూర్చుంది.

కోడలు మాత్రం అక్కడే నిలబడిపోయింది.

మాట పోయాక ఆమెకి చూపు పెరిగింది. మాట్లాడేవాళ్ళు గమనించనివన్నీ ఆమె గమనిస్తోంది. తలుపు తట్టితే అత్తగారు కదలదు, పిల్ల తల తిప్పిన తర్వాతే తిప్పుతుంది. కొడుకు వెనక నుంచి పిలిస్తే పలకదు. పట్టించుకోవట్లేదని వాడు విసుక్కుంటాడు. పొయ్యి మీద పాలు బుసబుసా పొంగినా పక్కనే కూర్చుని చిక్కుళ్ళు గిల్లుతుంటుంది. ఇవన్నీ విడివిడిగా ఉన్నన్నాళ్ళూ ఏమీ అనిపించలేదు.

ఇప్పుడు అవన్నీ ఒక్కచోట చేరాయి.

* * *

పరీక్ష గది గోడలకి మందపాటి మెత్తలు. లోపలికి అడుగుపెడితే బయటి లోకం చప్పుడంతా ఆగిపోయింది. కుడివైపొక స్పీకరు, ఎడమవైపొక స్పీకరు. ఒక్కోదాని పక్కన నల్లద్దాల పెట్టె. పిల్ల సరైన వైపు తిరిగితే ఆ పెట్టెలో దీపం వెలిగి, లోపలున్న కోతిబొమ్మ తాళాలు వాయిస్తుంది.

పరీక్ష చేసే ఆవిడ అద్దం అవతల మీటల ముందు కూర్చుంది. "అమ్మ ఒళ్ళో పాపని కూర్చోబెట్టుకోండి. మీరు మాత్రం కదలకండి, సైగ చెయ్యకండి. పెద్దమ్మగారూ, మీరు ఆ మూల కుర్చీలో" అంది మైకులో. మైకు గట్టిగా ఉంది. అత్తగారు వెంటనే వెళ్ళి కూర్చుంది.

మొదట బరువైన చప్పుడు. ఢోలు మీద అరచెయ్యి వేసినట్టు. పిచ్చుక కుడివైపు తిరిగింది. కోతి తాళాలు వాయించింది.

"ఇది విందిలే" అంది అత్తగారు. ఆవిడకీ వినపడింది.

తర్వాత ఎడమవైపు నుంచి సన్నటి ఈల. పిచ్చుక ఎడమవైపు తిరిగింది. చూపుడువేలు చెవికి వెళ్ళింది. కోతి వాయించింది.

మళ్ళీ సన్నటి ఈల, ఇంకా చిన్నగా. పిచ్చుక తిరిగింది. వేలు చెవికి.

"ఏంటిది, ఊరికే చెవి చూపిస్తోంది? చెవిపోటా ఏంటి?" అంది అత్తగారు.

అద్దం అవతల ఆవిడ ఇంకో మీట నొక్కింది.

ఆకులు రాలినంత చప్పుడు. పిచ్చుక నోట్లో వేలు తీసి చెవికి ఆనించింది. ఈసారి కోతి వంక చూడలేదు. మూల కుర్చీలో ఉన్న నాయనమ్మ వంక చూసింది. వేలు చెవి దగ్గరే ఉంచి, కనుబొమలు పైకెత్తింది. నీకూ వినిపించిందా అని.

"ఇంకా మొదలుపెట్టలేదేంటమ్మా?" అని అత్తగారు అద్దం వైపు గట్టిగా అడిగింది.

అద్దం అవతల ఆవిడ మీట మీద చెయ్యి అలాగే ఉంచేసింది.

అత్తగారు పిల్ల వేలుని చూసింది. పెట్టెలో వాయిస్తున్న కోతిని చూసింది. మళ్ళీ పిల్ల వేలుని చూసింది. ఆవిడ తెలివైన మనిషి. ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది.

"ఇప్పుడు మోగిందా?" అని కోడల్ని అడిగింది. ఇందాకటి గొంతు కాదది.

కదలొద్దన్నారు. అయినా కోడలు తలూపింది.

"ఇందాకా?"

తలూపింది.

"అన్నిసార్లూనా?"

కోడలు తలూపలేకపోయింది. పిల్ల నెత్తి మీద బుగ్గ ఆనించి కూర్చుంది.

పరీక్ష చేసే ఆవిడ తలుపు తీసుకుని వచ్చింది. "పాప చెవులు భేషుగ్గా ఉన్నాయి. మాట గురించి కూడా బెంగ పెట్టుకోకండి. వచ్చినప్పట్నుంచీ కువకువలాడుతూనే ఉందిగా. బబ్బబ్బా, దద్దద్దా, అన్నీ ఉన్నాయి. చేతులు నోటికి అడ్డు రావండీ. మాటొచ్చాక చేతులు వాటంతటవే తగ్గుతాయి."

అత్తగారు ఆ మాటలన్నీ ఆవిడ పెదాల మీద చదివింది. తర్వాత వంగి, పిచ్చుక పెదాలని చూసింది. అవి కదులుతున్నాయి. ఆగకుండా కదులుతున్నాయి.

"అమ్మా, మీరూ ఒకసారి ఆ కుర్చీలో కూర్చుంటారా? ఎంతోసేపు పట్టదు" అంది ఆవిడ నెమ్మదిగా.

"నాకెందుకు? వచ్చింది పిల్ల కోసం." అత్తగారు లేచి, సంచీ తీసుకుని, ఎవరికోసమూ ఆగకుండా బయటికి నడిచింది.

* * *

బస్సులు రెండు వెళ్ళిపోయాయి. ఇద్దరూ ఎక్కలేదు. స్టాపులో బల్ల మీద పక్కపక్కన కూర్చున్నారు, మధ్యలో పిచ్చుక నిద్రపోతోంది.

"మగ్గాల మిల్లులో పనిచేశానని నీకు తెలుసు కదా" అంది అత్తగారు, రోడ్డుకేసి చూస్తూ. "ఆ షెడ్డులో అడుగుపెడితే ఇక మనిషి గొంతుకి పనిలేదు. పక్కనే నిలబడి అరిచినా వినపడదు. అందుకని మాకు చేతులే. దారం తెగితే ఇలా."

రెండు వేళ్ళు కత్తెరలా ఆడించింది.

"మేస్త్రీ వస్తున్నాడంటే ఇలా." లేని మీసం మెలేసింది. "నీళ్ళకి వెళ్తున్నా, నా మగ్గం చూసుకో అంటే ఇలా. సినిమా కథలు చెప్పుకునేవాళ్ళం తెలుసా? పాటలతో సహా."

ఆవిడ చేతులు వేగంగా కదులుతున్నాయి. కోడలు రెప్పవాల్చకుండా చూసింది. ఆ వేళ్ళలో తడబాటు లేదు. ఇన్నాళ్ళూ అద్దం ముందు నిలబడి తాను కష్టపడి నేర్చుకుంటున్న ఒడుపంతా ఈవిడ మణికట్టులోనే ఉంది.

చేతులు ఉన్నట్టుండి ఒళ్ళోకి వాలిపోయాయి.

"ఇంటికొచ్చాక కూడా చేతులు ఆగేవి కావు. కొట్టుకెళ్ళి కూడా చేత్తోనే అడిగేదాన్ని. మిల్లు మూగీలని వెక్కిరించేవారు మమ్మల్ని. నా మనవరాలు గుప్పిడి మూసి తెరిచినప్పుడల్లా నాకు ఆ వెక్కిరింతే వినపడేది."

కోడలు ఆవిడ చేతిమీద చెయ్యి వేసింది.

"నీ పెళ్ళయిన కొత్తల్లో స్టేషన్‌కొచ్చి కూర్చునేదాన్ని గుర్తుందా? కోడలి మీద మురిపెమనుకున్నారంతా. మురిపెమే. కానీ ఇంకోటి కూడా ఉంది. నీ మాట నాకు వినపడేది. మైకులో ఒక్క అక్షరం పోయేది కాదు. ఇంట్లో కూడా నువ్వు మాట్లాడితే పెదాలు స్పష్టంగా కదిలేవి. వాడేమో గోడకి చెప్తాడు, మీసంలో చెప్తాడు. ఆ మాటనే నువ్వు మళ్ళీ అనేదానివి, అత్తయ్యా, ఆయన ఇలా అంటున్నారు అని. అలా నెట్టుకొచ్చాను. నువ్వు నోరు మూసుకున్నాక నాకు ఆ ఇంట్లో ఎవరి మాటా అందట్లేదే అమ్మాయ్."

ఇంకో బస్సు వచ్చింది, వెళ్ళింది.

పోయిన నెలల్లో తనొక్కతే మూగదైందనుకుంది కోడలు. తన పక్కనే, ఒకే కప్పు కింద, ఇంకో మనిషి చుట్టూ నిశ్శబ్దం గోడ కట్టుకుంటూ వచ్చిందని ఆమెకి తట్టలేదు.

"వాడికి చెప్పకు" అంది అత్తగారు. "నీ డ్యూటీ మొదలయ్యాక పిల్ల నాదగ్గరే కదా ఉండాలి. తెలిస్తే వాడు పిల్లని నాకు వదలడు. ఏ శిశువుల బడిలోనో వేస్తాడు. ఇక నాకేముంటుంది చెప్పు? నువ్వెలాగూ మాట్లాడవు. పలక మీద రాయకపోతే చాలు."

కోడలు పలక తీసింది. సుద్దముక్క చాలాసేపు గాల్లోనే ఉండిపోయింది. రేపెప్పుడో పక్కగదిలో పిల్ల ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లడం ఒక కంటికి కనపడుతోంది. ఖాళీ ఒడితో కూర్చున్న ఈ మనిషి ఇంకో కంటికి కనపడుతోంది.

"చెప్పాలి అత్తయ్యా. నేను కాదు. మీరే."

అత్తగారు చదివింది. అరచేత్తో మొత్తం తుడిచేసింది. దూరంగా వస్తున్న బస్సుకి చెయ్యెత్తింది.

* * *

సాయంత్రం భర్త వచ్చేసరికి గౌన్లన్నీ బీరువాలో ఉన్నాయి. సర్దింది అత్తగారే.

"ఏమన్నారు?" అన్నాడు గుమ్మంలోనే.

"చెవులు భేషుగ్గా ఉన్నాయట" అంది అత్తగారు. "నోరు కూడా."

"నేను చెప్పలా! వినిపించుకున్నావా?" అని పిల్లని ఎత్తి గాల్లోకి ఎగరేశాడు. పిచ్చుక కిందికి రాగానే రెండు చేతుల వేళ్ళూ కలిపి కొట్టింది. ఇంకా. మళ్ళీ ఎగరేశాడు.

కోడలు గోడవారగా నిలబడింది. అత్తగారు ఆమె వంక చూసింది. ఇప్పుడు పలక తీస్తుందా, చేతులెత్తుతుందా అని. కోడలు తీయలేదు, ఎత్తలేదు. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, చూపు మాత్రం తిప్పుకోకుండా అలాగే నిలబడింది.

పిల్ల నవ్వుతోంది. ఆ నవ్వు ఎలా ఉంటుందో అత్తగారికి కళ్ళతోనే తెలుస్తోంది.

"ఒరేయ్" అంది. "దాన్ని దించి, ఇలా నా ఎదురుగా కూర్చో."

"ఏంటమ్మా?"

"నాకు వినపడట్లేదురా."

"గట్టిగానే అన్నానుగా, ఏంటమ్మా అని."

"అది కాదు. నాకు చెవులు పోతున్నాయి. చాలాకాలమైంది. సన్నటి చప్పుళ్ళు అసలు లేవు. ఇవాళ ఆ గదిలో నీ కూతురికి వినపడ్డ ఈలలేవీ నాకు వినపడలేదు. దాని మాట రావట్లేదన్నాను చూడు, వస్తూనే ఉంది. నాదాకా రాలేదు. నీ పెళ్ళాన్ని ఊరికే ఆడిపోసుకున్నాను."

అంతా ఒక్క గుక్కలో చెప్పేసి, ఎప్పుడూ ఎవరి ముందూ తల వంచని ఆ మనిషి కోడలి వైపు తిరిగి చేతులు జోడించబోయింది. కోడలు పరుగున వచ్చి ఆ రెండు చేతుల్నీ పట్టేసుకుంది. జోడించనివ్వలేదు.

భర్తకి లోపల ఏవేవో లెక్కలు కలుస్తున్నట్టు మొహం మారుతూ వచ్చింది. పిల్లని చాప మీద కూర్చోబెట్టి, పెరటి కుళాయి దగ్గరికి నడిచాడు. వీపు ఇటు పెట్టి చేతులు కడుక్కుంటూ, నీళ్ళ చప్పుడులో ఏదో అన్నాడు.

"ఏమన్నాడు?" అంది అత్తగారు.

భర్త ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. చెప్పొద్దు అన్నట్టు భార్యకేసి తల అడ్డంగా ఊపాడు.

కోడలు ఇద్దర్నీ చూసింది. పాపం బాధపడుతున్నాడు అని రాయొచ్చు. అదీ నిజమే. కానీ అత్తగారికి అసలు మాట ఆపేసి మెత్తటి అబద్ధాలు అందించడం ఇవాళ మొదలుపెడితే రేపట్నుంచి అదే అలవాటవుతుంది.

సుద్ద తీసుకుని, భర్త అన్న మాటని ఉన్నదున్నట్టు రాసి అత్తగారికిచ్చింది.

"మరి పిల్లని నీ దగ్గర ఎలా వదలడం? పక్కగదిలో ఏడ్చినా నీకు తెలీదు కదా."

అత్తగారు వేలు పెట్టి చదివింది. రెండోసారి చదివింది.

"నువ్వేమీ కలపలేదుగా?"

కోడలు తల అడ్డంగా ఊపింది.

"తీసెయ్యలేదుగా?"

లేదు.

"ఒరేయ్, ఆ కుళాయి కట్టేసి ఇటు రా."

తడిచేతులతో వచ్చి చాప మీద, తల్లి మోకాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

"ఇప్పుడడుగు. నా మొహం చూసి."

"వదిలెయ్ అమ్మా. ఏదో నోరు జారింది..."

"జారలేదు. అడగాల్సిందే అడిగావు. వీపుతో అడిగావు, అదే తప్పు. అడుగు."

అతను అడిగాడు. గొంతు పెంచలేదు. పెదాలు మాత్రం ఒక్కో మాటకీ పూర్తిగా విడివడ్డాయి. పక్కగదిలో అన్నచోట ఆగిపోయాడు. మళ్ళీ ఎత్తుకుని పూర్తి చేశాడు.

ఈసారి ఒక్క అక్షరం కూడా జారిపోలేదు.

అత్తగారు చాప అంచున పాకుతున్న పిచ్చుకని చూసింది, నిలబడ్డ కోడల్ని చూసింది. తర్వాత కొడుకు పెదాలకేసి చూసింది.

అడిగినవాడు తల దించుకోవాలనుకున్నాడు. దించలేదు. దించితే తన తర్వాతి మాట అమ్మకి అందదని అతనికి ఇప్పుడు తెలుసు.